ముందు నువ్వు చెప్పమ్మా

గురువారం సాయంత్రం ధర్మవరం బస్టాండులో దిగి, ఇంటిదారి పట్టేముందు సంజీవప్ప సారు నాగమణికి ఫోన్ చేశాడు.

"పది దినాలైపాయ గదమ్మా. ఏం కనపడె?"

"చానా ఉండాది సార్. ఫోన్‌లో కాదు, మీరొచ్చినప్పుడు చెప్తా."

"సరే, సోమవారం వస్తాండా. నువ్వు చెప్పు, నేను వింటా. టీ మాత్రం పోయినసారి మాదిరి పెట్టొద్దు తల్లీ, పిల్లోళ్లు కూడా తాగరు."

శనివారం పొద్దున గుండె ఆగి ఆయన పోయాడు.

నాలుగేళ్లు పెనుకొండ మండల విద్యాధికారిగా చేసిన మనిషి. అధికారి వస్తున్నాడంటే బడి గోడలకు చార్టులు ఎక్కుతాయి, రిజిస్టర్ల దుమ్ము వదులుతుంది. ఈయన వాటి జోలికి పోయేవాడు కాదు. వెనక బెంచీలో పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చునేవాడు. పాఠం అయ్యాక, "ముందు నువ్వు చెప్పమ్మా, నీ పాఠంలో నీకేం కనపడె?" అని అడిగేవాడు. తన మాట ఆ తరువాతే. నెలకోసారి హెడ్మాస్టర్లను కూర్చోబెట్టి తానే మూడో తరగతికి భాగహారం చెప్పి, తప్పులు పట్టమనేవాడు. "మీరు బోర్డుతో మాట్లాడతాండారు సార్, పిల్లోళ్లతో కాదు" అని వెంకటక్క టీచరు అంటే, ఆ మాటను డైరీలో రాసుకున్నాడు.

హిందూపురం నుంచి రోజూ బస్సులో వచ్చే నాగమణి జూన్‌లోనే ఒక చిన్న బడికి హెడ్మిస్ట్రెస్ అయింది. రెండో తరగతి టీచరు సాల్మన్ పిల్లల చేత బోర్డు మీది మాటలు రాయించి, తాను ఓ మూల కూలబడి పొద్దు పుచ్చుతాడని ఆగస్టులో రిపోర్టు రాసి సారు చేతికిచ్చింది. అది పైకి పోతే సాల్మన్‌కు మెమో ఖాయం.

సారు చదివాడు. "ఆ క్లాసులో ఎన్ని తూర్లు కూచున్యావు?"

"వరండాలోంచి రోజూ చూస్తాండా సార్."

"ఆడ నిలబడితే అయ్యవారొక్కడే కనపడతాడు. పది దినాలు పిల్లోళ్లలో కూచో. అప్పటికీ పంపాలనిపిస్తే నేనే పంపుతా." కాగితం ఆమెకే తిరిగిచ్చాడు.

కూర్చుంది. నాలుగో రోజుకు తెలిసింది. ఆ మూలన ఉన్న ఐదుగురూ ఇంట్లో కన్నడం మాట్లాడే కూలీల పిల్లలు. మిగతావాళ్లు రాసుకుంటుంటే సాల్మన్ వాళ్ల పక్కన నేలమీద కూర్చుని, ఒక్కో తెలుగు మాటనూ కన్నడంలో మెల్లగా విప్పి చెబుతున్నాడు.

"గట్టిగా చెప్పొచ్చు గదప్పా?"

"తెలుగు బడిలో కన్నడమేందని ఎవరన్నా అంటారేమోనని మేడం."

ఆమె ఆ రోజే రిపోర్టు చించేసింది. ఎంత తప్పు చేయబోయిందో సోమవారం తన నోటితోనే సారుకు చెప్పాలనుకుంది.

ధర్మవరంలో సారును సాగనంపి బస్సులో తిరిగొస్తూ సాల్మన్‌తో అంది: "నీ సంగతి సార్‌కు చెప్పనేలేదు. తెలీకుండానే పాయ."

సాల్మన్ ఆమె వైపు చూశాడు. "సార్‌కు తెలుసు గదా మేడం. జూలైలో మీరు ట్రైనింగుకు పోయిన దినం మా క్లాసులోనే ఉన్న్యాడు, సాయంత్రం దాకా. ఆ పిల్లోళ్ల దగ్గర ఒకటి నుంచి పది దాకా కన్నడంలో నేర్చుకునిపాయ."