గెడ్డ లేని ఆట

ఆఫీసులో పక్క సీటులోని అమ్మాయి మౌస్‌ను ఆగకుండా టకటకా నొక్కుతోంది. అటు చూడకుండానే చెప్పగలను, తెరమీద ఆమె సైన్యం ఎక్కడో ఇరుక్కుపోయింది. నాసిరకం స్ట్రాటజీ గేములన్నిటికీ ఉన్న జబ్బే అది. శత్రువు కదులుతుండగానే మనం కలప కొట్టించాలి, కోట కట్టించాలి, దండును నడిపించాలి. తీరా దండు బయల్దేరాక ఇరుకు దారిలో ఒకరికొకరు అడ్డం. ఆ చప్పుడు వింటే నాకు పైడినాయుడు మావ గుర్తొస్తాడు. చుట్టరికం ఏమీ లేదు, శృంగవరపుకోట దగ్గర మా ఊళ్లో పక్కింటి రైతు. ఆయన పోయి నాలుగేళ్లయింది. కంప్యూటరును ముట్టుకుని ఎరగడు. ఆటలో తప్పు చూడటం మాత్రం నాకు నేర్పింది ఆయనే.

రెండువేల పదమూడు, పద్నాలుగు ప్రాంతం. ఇంజనీరింగ్ ముగించి నేనూ, నా స్నేహితుడు రమణా మా మేడగదిలో అలాంటి ఆటే ఒకటి తయారుచేస్తున్నాం. హైదరాబాదులో ఓ కంపెనీ చూస్తానంది. నచ్చితే ఉద్యోగం. నాన్న ఏడాది గడువిచ్చాడు, అది దాటితే నోరు మూసుకుని బ్యాంకు పరీక్షలు రాయాలి. మావ ఇంట్లో ప్లగ్గు కాలిపోవడంతో రోజూ మధ్యాహ్నం ఫోను ఛార్జింగుకి మా గదికొచ్చేవాడు. అదయ్యేదాకా మంచం అంచున కూర్చుని తెరకేసి చూసేవాడు.

"ఒరే అల్లుడూ, నీ మనుషుల్ని మంచులో దాసినావు కదా. ఆడెలగ సూసీసినాడు?" అన్నాడు ఓ రోజు.

"కంప్యూటరుకి అన్నీ కనపడేలాగ రాసినాం మావా. నేపోతే అది మనతోటి ఆడలేదు."

"అయితే ఆడు తెలివైనోడు కాదు, దొంగ."

రమణ పకపకా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. రెండు రాజ్యాలకీ రంగు తప్ప తేడా లేదనీ, ముందు దండెత్తినవాడే ఎప్పుడూ గెలుస్తున్నాడనీ కూడా ఆయనే పట్టుకున్నాడు. ఉన్నమాట కావడంతో మరీ మండింది.

అసలు చిక్కు గెడ్డ దగ్గర. రెండు రాజ్యాల మధ్య ఓ వాగు, మా వైపు మాటలో గెడ్డ, దానిమీద ఇరుకు వంతెన పెట్టాం. ఇటునుంచి సైనికులు, అటునుంచి కలప మోసుకొచ్చేవాళ్లు నడిమధ్యన ఎదురుపడి అలా నిలబడిపోయేవారు, ఎంత నొక్కినా కదిలేవారు కాదు. మావ చాలాసేపు చూసి "లెగు, నాతోటి రా" అన్నాడు.

అవి ఊడుపుల రోజులు. మావ వెనకాల పొలం గట్టు మీద నడుస్తున్నాను. ఎదురుగా నారు మోపు నెత్తిన పెట్టుకుని సింహాచలమ్మ వస్తోంది. ఊడుపులకొచ్చిన కూలీ మనిషి. మావ చటుక్కున బురదలోకి దిగిపోయాడు. నావి కొత్త చెప్పులు. నేను నిలబడిపోయాను. మోపు నుంచి నీళ్లు ముఖం మీదికి కారుతుంటే ఆవిడా నిలబడింది.

"దిగరా గుంటడా! ఆ మోత కనపడ్డం నేదా?" అని అరిచాడు మావ. దిగాను. మోకాలి లోతు బురద, ఓ చెప్పు అందులోనే ఉండిపోయింది. సింహాచలమ్మ వెళ్లిపోయాక ఆయన గొంతు తగ్గించాడు.

"ఉత్తి సేతులోడు దిగాల. ఇది ఒకలు సెప్పీది కాదు. నీ ఆటలోన ఎవుడికీ ఎదటోడి నెత్తిమీద ఏటున్నాదో కనపడదు. అందుకే ఇరుక్కుంతన్నారు."

ఆ మర్యాదను కోడులో పెట్టాలని నెలరోజులు నానా తంటాలు పడ్డాను. ఒకడు దిగితే వెనకవాడు దిగడు. దిగినవాడు మళ్లీ ఎక్కడు. ఒకసారైతే సైన్యమంతా బుద్ధిగా దిగి నీళ్లలోనే ఉండిపోయింది. గడువు ముంచుకొచ్చింది. ఓ పొద్దున విసిగిపోయి వాగునే తీసేశాను. ఎటు చూసినా మైదానం, ఎవరూ ఇరుక్కోలేదు. రమణ ఆనందం పట్టలేక నన్ను ఎత్తి తిప్పాడు.

ఆ మధ్యాహ్నం మావ వచ్చి తెరకేసి చూశాడు. "గెడ్డ ఏదిరా?"

"తీసీసినాను మావా."

"దున్నడం సేతకాక మడి అమ్మీసినట్టున్నాది" అని, సగమే ఛార్జింగైన ఫోనును ఊడబీక్కుని వెళ్లిపోయాడు. మళ్లీ మా మేడ ఎక్కలేదు. ఉద్యోగం వస్తుందో రాదో అన్న బెంగ కన్నా అదే నన్ను ఎక్కువ కుదిపేసింది.

ఉద్యోగం వచ్చింది. ఆట మామూలుగానే ఉంది గాని ఎక్కడా ఆగడం లేదని మెచ్చుకుని ఇద్దర్నీ తీసుకున్నారు. మిఠాయి పట్టుకుని పొలానికి పరుగెత్తాను. మడిలో కలుపు తీస్తున్నారు. మావ ముఖం వెలిగిపోయింది.

"గెడ్డ మల్లీ ఎట్టినావేటి?"

ఎంత ఆశగా అడిగాడో! లేదనడానికి నోరు రాలేదు. "ఎట్టినాను మావా" అనేశాను.

"సూసినారా!" అని మడిలోవాళ్లకి కేకేశాడు. "మన గట్టుమీద మరేద ఈడు కంపీటర్లోకి ఎక్కించీసినాడు. మోతోలు నడుస్తారు, ఉత్తి సేతులోలు దిగతారు!"

సింహాచలమ్మ నడుం నిలబెట్టి నవ్వింది. "అయితే నానూ ఉన్నానేటి బాబూ అందులోన?"

"ఉన్నావమ్మా" అన్నాను.

మావ ఆ మాట నమ్మే పోయాడు. సింహాచలమ్మ ఇంకా బతికే ఉంది. ఊరెళ్లినప్పుడు ఎదురుపడితే పక్కనున్నవాళ్లకి నన్ను చూపిస్తుంది, ఆటలో తనను పెట్టిన బాబు ఇతనేనని. ఈ పదేళ్లలో ఏడు ఆటలు చేశాను. ప్రతిదాన్లోనూ ముందు గెడ్డే గీస్తాను. గడువు దగ్గరపడగానే తీసేస్తాను. ఆమె ఇంతవరకూ ఏ ఆటలోనూ లేదు.