పై పొర బురద

సొరాయిడా అంటే నాకు ఒళ్లుమంట. పంచదార మిల్లు మూతపడ్డాక సియెన్‌ఫ్యూగోస్ రేవులో సముద్రపు బురద పరీక్షించే మా ల్యాబుకు సీసాలు కడగడానికి వచ్చిన మనిషి. మొదటిసారి పడవెక్కి నా కాళ్ల మీదే కక్కింది. ఇప్పుడేమో ఆవిడ సముద్రం అడుగు నుంచి తీసిన బురదంటేనే ల్యాబు నడిపే డాక్టరమ్మకు గురి! ముప్పై ఏళ్లు ఈ అఖాతంలో పడవ నడిపిన నేను మాత్రం కూరలో కరివేపాకు.

వాన పడినప్పుడు ఆకాశం నుంచి బెరీలియం-7 దిగి మట్టికి అంటుకుంటుంది. యాభై మూడు రోజుల్లో సగం తరిగిపోతుంది. అది పై పొరలో దొరికిందంటే ఆ బురద మొన్నమొన్న వచ్చి చేరినదన్నమాట. అందుకే గొట్టంతో తీసిన బురదను నిటారుగా పట్టుకోవాలి, పై పొర పోతే అంతా వృథా. ఆ పనిలో సొరాయిడాది దేవుడిచ్చిన చెయ్యి. అది ఒప్పుకోవాలంటే నాకు ప్రాణం పోయినంత పని.

ఆ ఏడు మా తమ్ముడు రెనే పడమటి ఒడ్డున నీళ్లలో మడచెట్ల కొమ్మలు వేలాడదీసి ఆల్చిప్పలు పెంచుదామనుకున్నాడు. కొత్త బురద చేరే చోటైతే అవి ఊపిరాడక చస్తాయి.

"ఏరు తెచ్చే బురదంతా తూర్పుకే పోతుంది. నిక్షేపంగా పెట్టుకోరా," అన్నాను.

"పడమటికే వస్తోందని నా అనుమానం బాబాయ్. తీసి చూద్దాం," అంది సొరాయిడా.

"పడవలో కక్కినదానివి, నాకు నీళ్లు నేర్పుతావా?"

"కక్కినా కళ్లు మూసుకోలేదుగా!"

డాక్టరమ్మ పకపకా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

పడమటి ఒడ్డున సొరాయిడా గొట్టం పైకి లాగి, నా చేతికిచ్చి, సంచి మీద తేదీ రాయడానికి అటు తిరిగింది. నేను గొట్టం వంచాను. పైనున్న పలుచని బురద సముద్రంలోకి జారిపోయింది. మళ్లీ నిటారుగా పట్టుకుని పైన నీళ్లు పోశాను. ఆమె మూడుసార్లు తీసింది. మూడుసార్లూ వంచాను.

ల్యాబులో పరీక్షిస్తే బెరీలియం తేలలేదు. "నీ మాటే నిజమైంది బాబాయ్," అంది సొరాయిడా మనస్ఫూర్తిగా. నేను మీసం దువ్వుకున్నాను. రెనే కొమ్మలు కట్టాడు.

అక్టోబరు వానలకు ఏరు పొంగింది. నెల తిరక్కముందే ఆల్చిప్పలన్నీ బురద పట్టి చచ్చాయి. రెనే ఒక్కొక్క కొమ్మా లాగి చూసుకుంటుంటే సొరాయిడా వచ్చి వాడి చేతులు పట్టుకుని ఏడ్చేసింది.

"నా చెయ్యే వణికుంటుంది రెనే. పై పొర నేనే పోగొట్టాను. ఇక ఆ గొట్టం ముట్టుకోను."

రెనే నా వైపు తిరిగాడు. "పడవలో నువ్వూ ఉన్నావుగా అన్నయ్యా. నిజంగా చెయ్యి వణికిందా?"

"వణికింది," అన్నాను.