పెద్దనాయన ఎద్దుకు పట్టిన క్యూబిజం

కుర్ర వయసులో మనిషికి మీసాలకన్నా ముందు సిద్ధాంతాలు మొలుస్తాయి కాబోలు. పందొమ్మిది వందల అరవైల మొదట్లో, మద్రాసులో రెండేళ్లు బొమ్మలు నేర్చుకుని అనంతపురంలో రైలు దిగేనాటికి నా సంచిలో రెండు చొక్కాలు, నోట్లో అరడజను ఇజాలు ఉన్నాయి. వెలుగును పట్టేది ఇంప్రెషనిజం, కలను పట్టేది సర్రియలిజం, ఏదీ పట్టుబడకపోతే అబ్‌స్ట్రాక్ట్ (ఈ చివరి నిర్వచనం నా సొంతం). వీటితో బువ్వ దొరుకుతుందని మా నాయనకు నమ్మకం లేదు. తాలూకా కచేరీలో గుమాస్తా పనికి మాట్లాడి ఉంచాడు. కణేకల్లు నుంచి వచ్చిన మా పెద్దనాయనే అడ్డుపడ్డాడు. "ఉండప్పా, వాని చెయ్యి చూద్దాం. పందెంలో బండ లాగి గెలిచిన నా ఎర్రెద్దును గీయమను. బాగుంటే వాన్ని వాని దోవన పోనీ" అని నన్ను వెంటబెట్టుకుపోయాడు.

అక్కడ గదిలో తలుపేసుకుని నాలుగు రోజులు గీశాను. ఐదోరోజు మా నాయన కూడా వచ్చాడు. బొమ్మ మీద గుడ్డ తీశాను. అన్నీ త్రికోణాలు, పలకలు. కళ్లు రెండూ ఒకే పక్క. పెద్దనాయన ముందుకొచ్చాడు, వెనక్కి పోయాడు, మెడ వంచి చాలాసేపు చూశాడు.

"ఎద్దు యాడుండాదిరా?"

"ఇదే పెద్దనాయనా. ముందు, వెనక, పక్క అన్నీ ఒకేసారి కనపడతాయి. క్యూబిజం అంటారు."

"సంతలో ఎద్దును కొనేటోడు గూడా చుట్టూ తిరిగి చూస్తాడు. అట్లని తోక తెచ్చి ముక్కు మీద పెట్టడు గదరా!" పెద్దనాయన నిజంగానే మండిపడ్డాడు.

మా నాయన నవ్వలేదు. "రేపు కచేరీకి పోదువులే" అన్నాడు. అప్పుడు మజ్జిగ చెంబుతో వచ్చిన పెద్దమ్మ, "నాలుగు దినాల్నుంచి చూస్తాండా, ఒక్కసారన్నా ఎద్దు దగ్గరికి పోయినాడా వీడు? చూసి గీయనీండి" అంది. మద్రాసులో ఏ గురువు మాటా అంతగా తగల్లేదు.

మరునాడు తెల్లారకముందే పశువుల కొట్టంలో ఎద్దు ఎదుట కూచున్నాను. అది మొదట నా కాగితం అంచు నమిలి చూసింది (ఏ ఇజమో చెప్పలేదు). కాడి రాసి రాసి కాయగాసిన మెడ, కనురెప్పల మీద దుమ్ము, కనపడినవన్నీ బొగ్గుతో గీశాను. పెద్దనాయన ఆ బొమ్మలో మెడ మీద వేలు పెట్టి, "ఈ కాయ నా తప్పేరా. కాడి నున్నగా చెక్కియ్యలేదు" అన్నాడు. మా నాయన మళ్లీ కచేరీ మాట ఎత్తలేదు.

మొదటి బొమ్మను జొన్న చేలో దిష్టిబొమ్మగా నిలబెట్టారు. ఆ ఏడు ఒక్క పిట్టా వాలలేదని ఊరంతా మెచ్చుకుంది (వాన రాక జొన్నకు గింజే పట్టలేదన్న సంగతి నేను ఎత్తలేదు).

తరవాత పెద్ద పెద్ద ఊళ్లలో నా బొమ్మల ముందు చాలామంది ఆగారు. తలలూపారు, ఆహా అన్నారు, కాఫీల వైపు వెళ్లిపోయారు. పెద్దనాయన మాదిరి అంతసేపు నిలబడి, మనస్ఫూర్తిగా కోప్పడినవాళ్లు ఒక్కరూ లేరు. ఆనాడు ఏడుపొచ్చింది గానీ, ఇప్పుడు అలాంటి కోపం కోసం మొహం వాచి ఉన్నాను.