అడుగుదాకా గరిటె

మధ్యాహ్నం పన్నెండు దాటింది. పొద్దున్నించి సన్నగా పడుతున్న వాన అప్పుడే ముదిరింది. ముందురోజు తిన్న బ్రెడ్డు ఎప్పుడో అరిగిపోయి నా కడుపు వీపుకంటుకుపోయింది. ఆదివారం లోడింగ్ ఉండదు, లోడింగ్ లేకపోతే కూలీ లేదు. అందుకే చర్చి వెనక రేకుల షెడ్డు ముందు లైన్లో నిలబడతాం. అక్కడ సూపూ బ్రెడ్డూ ఊరికే పెడతారు. ఆ రోజు లైన్లో నా ముందున్నది గరిటక్క. చేతిలో ఖాళీ ప్లేటు.

అంతకుముందు మాకు వడ్డించేది ఆమే. అసలు పేరేంటో మాకెవరికీ తెలీదు. బట్టలుతికే కంపెనీలో ఇస్త్రీ పని. ముంజేతుల నిండా కాలిన మచ్చలే. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. వారానికొక్క సెలవు, ఆ సెలవురోజూ పొద్దున్నే వచ్చి ఉల్లిపాయలు తరిగి, పెద్ద గిన్నె పొయ్యెక్కించేది. మొదటి గరిటె ముంచేముందు కళ్లు మూసుకుని పెదాలు కదిపేది.

"దేవుణ్ణి ఏం అడుగుతావక్కా?" అన్నానోసారి.

"చివరోడిదాకా సరిపోవాలని. ఇంకేం అడుగుతాం!"

మాంసం ముక్కా దుంపముక్కా కిందకి దిగిపోతాయి, పైన తేలేది నీళ్లే. ఆమె గరిటె మాత్రం ప్రతిసారీ అడుగుదాకా పోయి తిప్పుకుని వచ్చేది.

"మా ఆవిడ కూడా నాకింత లోతుకి ముంచదక్కా" అనేవాడు రంగులేసే పొట్టోడు.

"నీ సంగతి ఆవిడకి తెలుసు గనక!"

షెడ్డుకి పెద్ద పాస్టరమ్మగారు. ఆవిడ పెట్టిన రూల్స్ రెండే. వడ్డించేవాళ్లు అందులోంచి మెతుకు ముట్టకూడదు, అది పేదోళ్లది. మిగిలిందేదైనా కాలవలో పోసెయ్యాలి, లేకపోతే దానికోసం మేం సాయంత్రందాకా అక్కడే పడుంటామట.

చలికాలంలో ఆ బట్టల కంపెనీ మూతపడింది. గరిటక్క ఎవరితోనూ అనలేదు. మెడ కింద ఎముకలు తేలాయి. గరిటెని రెండు చేతులా పట్టుకుని ఎత్తేది.

"ఒంట్లో బాలేదా అక్కా?"

"చలి, తమ్ముడూ."

పొయ్యి పక్కన నిలబడి చలంటుంది.

ఓ ఆదివారం నేను పంపు దగ్గర ప్లేటు కడుక్కుంటున్నా. అక్క గిన్నెలోకి వంగి, లోపల అంటుకున్నదాన్ని బ్రెడ్డు అంచుతో తుడిచి నోట్లో పెట్టుకుంది. వెనకాలే పాస్టరమ్మ.

"సిస్టర్! ఏంటది?"

"కడిగేస్తే పోయేదేగా అమ్మా."

"పోయినా పేదలదే. అంత ఆకలైతే ఏప్రన్ విప్పేసి లైన్లో నిలబడండి. దేవుడి దగ్గర సిగ్గేంటి?"

అక్క నోట్లో ముద్ద మింగనూ లేదు, ఉమ్మనూ లేదు.

తర్వాతి ఆదివారమే ఈ వానరోజు. పొద్దున్నే వచ్చి వంటంతా చేసిందట. చేసి, ఏప్రన్ విప్పి మేకుకి తగిలించి, మాతోపాటు వచ్చి నిలబడింది.

"ఏంటక్కా, ప్రమోషనా?" అన్నాడు పొట్టోడు.

"వండీ వండీ రుచి మరిగినట్టుంది" అన్నారు వెనకనించి ఎవరో. లైనంతా ఒకటే నవ్వు. అక్క చెప్పులకేసి చూసుకుంది.

ఆమె వంతొచ్చింది. ఆ రోజు వడ్డిస్తున్న పాస్టరమ్మ గరిటె పక్కన పెట్టి, అక్క తలమీద చెయ్యేసింది.

"ప్రభువా, నిన్నటిదాకా పెట్టిన ఈ చెయ్యి ఇవాళ చాపింది. దీని గర్వం అణిచావు. స్తోత్రం! ఏదీ, అందరూ అనండి!"

అన్నాం. గట్టిగానే అన్నాం, తొందరగా అయితే తొందరగా తినొచ్చని. ప్రార్థన ఎంతకీ తెమలదు. రేకు చూరునించి కారే నీళ్లు అక్క ప్లేట్లో టపటపా పడుతున్నాయి. చివరికి పాస్టరమ్మ గరిటె పైపైన తేల్చి పోసింది. ఒట్టి నీళ్లు.

"అమ్మా, కొంచెం అడుగునించి..."

"లైన్లోవాళ్లు ఏరుకోకూడదు సిస్టర్."

అక్క గోడవార నిలబడి తాగేసింది. చుక్క వదల్లేదు. మా అందరికీ నీళ్లే పడ్డాయి.

అంతా అయ్యాక పాస్టరమ్మ పిలిచింది. "సిస్టర్, గిన్నె తోమడానికి ఎవరూ రాలేదు. మీకు అలవాటేగా."

అక్క వెళ్లింది. గిన్నె అడుగున జానెడు మందాన మాంసమూ దుంపలూ అలాగే ఉన్నాయి. పొద్దున తనే తరిగి వేసినవి. అక్క అందులోకి చూస్తూ నిలబడింది. పాస్టరమ్మ చేతులు తుడుచుకుంటూ అక్కణ్ణించి కదల్లేదు.

అక్క గిన్నె కాలవలోకి వంచేసింది.

"అయ్యో అయ్యో!" అంటూ పొట్టోడు పరిగెత్తాడు. బురదలో మోకాళ్లమీద కూలబడి, దొరికిన ముక్కని చొక్కాకి తుడిచి నోట్లో వేసుకున్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. మా కళ్లు కూడా కాలవలోనే ఉన్నాయి.

అక్క గిన్నె తోమి బోర్లించింది. గరిటె కడిగి దానిమీద పెట్టింది. వానలోకి నడిచింది.

"వచ్చేవారం పెందలాడే రండి సిస్టర్, ఉల్లిపాయలు బస్తాడున్నాయి!" అని కేకేసింది పాస్టరమ్మ.

అక్క వెనక్కి తిరగలేదు. గేటు దాటి పోయింది.