రెండోసారి అడగని టోపీ తాత

ఆ రోజుల్లో వయోమింగ్‌లో తెలుగు మాట వినాలంటే నాతో నేనే మాట్లాడుకోవాలి. ఎనభైల మొదట్లో రోడ్ల సర్వే ఉద్యోగంలో చేరి, చెట్టూ చేమా లేని ఒక చిన్న ఊళ్ళో పడ్డాను. ఆదివారాలు తోచక, ఊరి బయట పెద్ద గడ్డిభూమి ఉన్న ఒక ముసలాయన దగ్గరికి వెళ్ళేవాణ్ణి. (నిద్రలో కూడా టోపీ తీయడని ఊళ్ళో చెప్పుకునేవారు, అందుకని నేనూ మా బావా ఫోన్లో ఆయనకు టోపీ తాత అని పేరు పెట్టాం.) పశువులు ఆయన వృత్తి, భూమిలో దొరికే డైనోసార్ ఎముకలు అమ్మడం పై రాబడి. సొంత భూమిలో దొరికింది సొంతదారుదే, అక్కడి చట్టం అంతే. నేను వెతికిపెట్టే కూలి లేని కూలీని.

ఒక ఆదివారం వాగు గట్టున నాకొక వెన్నుపూస దొరికింది. అన్నం గుండిగంత ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని బ్రష్‌తో మట్టి దులుపుతుంటే, ఇన్ని కోట్ల ఏళ్ళకు దీన్ని మొదట చూసిన మనిషిని నేనే కదా అనిపించి, తర్వాత పెళ్ళిచూపుల్లో కూడా కొట్టుకోనంతగా గుండె కొట్టుకుంది. అది నాకు కావాలి. ఆ వయసులో దేన్నీ అంతగా కోరుకోలేదు. ఇద్దరం గోనెగుడ్డలు ప్లాస్టర్‌లో ముంచి, విరిగిన కాలికి కట్టినట్టు దానికి కట్టు కట్టాం. అది ఆరుతుండగా తాత టోపీ వెనక్కి నెట్టి, "కనిపెట్టింది నువ్వు. కావాలంటే నువ్వే ఉంచుకో," అన్నాడు.

"అబ్బే, వద్దండీ, పర్వాలేదు," అన్నాను ఇంగ్లీషులో.

మనవాళ్ళెవరైనా ఇంకేమంటారు? మొదటిసారికే చేయి చాస్తే పెంపకం ఏమైపోవాలి? ఆయన "అలా కుదరదు" అనాలి, నేను "మీకెందుకండీ శ్రమ" అనాలి, ఆయన బలవంతాన నా కార్లో పెట్టాలి. ఆయన మాత్రం "ఓకే," అని పశువులకు నీళ్ళు పెట్టడానికి వెళ్ళిపోయాడు. శనివారం ఎముకల వ్యాపారి వస్తాడని పోతూ పోతూ చెప్పాడు.

వారమంతా సాయంత్రాలు కూడా వెళ్ళి సూచనగా చెప్పి చూశాను. "నా గది మరీ బోసిగా ఉంది సర్," అంటే, ఒక ట్రాక్టర్ బొమ్మ కేలండర్ ఇచ్చి, గోడకు తగిలించుకోమన్నాడు. దిక్కుతోచక డెన్వర్‌లో ఉన్న బావకు ఫోన్ చేశాను.

"నేరుగా అడగరా."

"ఒకసారి వద్దన్నాక ఎలా అడుగుతాను బావా? ఆయనే మళ్ళీ అడగాలి."

"వద్దన్నావుగా, ఎందుకు అడుగుతాడు?"

"ఊరికే అన్నాను."

"అది ఆయనకెలా తెలుస్తుందిరా? ఆయనేమైనా మీ మేనత్తా, వద్దంటే ఇంకో గారె వేయడానికి?"

శనివారం వ్యాపారి ట్రక్కు వచ్చింది. బరువు ఎక్కువని, కాస్త చేయి వేయమన్నారు. నా ఎముకను నేనే ఒక కొస పట్టి ఎక్కించాను. అప్పుడు తాత నావైపు తిరిగాడు. అమ్మయ్య, అడుగుతున్నాడనుకున్నాను.

"కాఫీ తాగుతావా?"

"వద్దండీ," అన్నాను. నోరు అలవాటున అనేసింది. ఆ కాఫీ కూడా రాలేదు.

ఇన్నేళ్ళయినా తప్పు ఎవరిదో నాకు తేలలేదు. మా ఆవిడ నాదంటుంది. నేను ఒప్పుకోను. పైగా ఇప్పుడు వీధివీధినా మనవాళ్ళే ఉన్న ఫ్రిస్కోలో ఎవరింటికి వెళ్ళినా, ఏం తీసుకుంటారన్న మాట పూర్తికాకుండానే తెమ్మంటాను. ఆవిడ తల దించుకుంటుంది. అప్పుడప్పుడు మాత్రం, ట్రక్కు లేపిన దుమ్ము అణిగిపోయాక కూడా చేతులు కట్టుకుని అక్కడే నిలబడ్డ ఆ పాతికేళ్ళ కుర్రాడు గుర్తొస్తాడు. వాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. నవ్వుకుంటూనే, ఇంకొక్కసారి అడిగితే ఆ ముసలాయన సొమ్మేం పోయిందని గొణుక్కుంటాను.