ప్యానెల్ డాక్టరుగారి హోమ్ విజిట్

మొన్న నేను చేసిన నిర్వాకానికి మా అత్తయ్యగారిని తాళ్ళతో కట్టి కిందికి దింపేవాళ్ళే, తెలుసా! నవ్వనంటేనే చెప్తా. ముందు ఆ టీ గ్లాసు కింద పెట్టండి, పొలమారుతుంది.

మా అత్తయ్యగారు కడప నుంచి వచ్చారు కదా. వచ్చిన వారానికే కళ్ళు తిరగడం, చెవుల్లో హోరు మొదలయ్యాయి. ఆరేళ్ళ నుంచీ ఉన్న బీపీయే, మెడికల్ షాపులో చూపిస్తే నూట అరవై బై వంద. మా ఆయనేమో ఫ్యాక్టరీ పనిమీద పూణేలో ఉన్నారు. ఆవిడ మాత్రం ఒకటే పాట. "నాకు ఈ ఊరి డాక్టర్లు వద్దుమ్మే. సాయంత్రం బస్సెక్కించు, కడపలో మా డాక్టరు కాడికే పోతా."

నిలబడితే తూలే మనిషిని అంత దూరం బస్సులో ఎలా పంపేది? పైగా నేను చేసే ఉద్యోగమేమిటి? మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్! అమెరికా డాక్టర్లు టేపుల్లో చెప్పిందంతా విని టైపు చేస్తానా, మా ఇంట్లో నేను సగం డాక్టర్ని. "సాయంత్రంలోగా మంచి డాక్టరుకి చూపిస్తా, చూడండి" అని కోతలు కోసేశాను.

మా ఆయనకి ఫోన్ చేస్తే, "సర్కారు ఇన్సూరెన్స్ కార్డు బీరువాలో ఉంది. కానీ ఆ కార్డుకి వాళ్ళ జాబితాలో ఉన్న ప్యానెల్ డాక్టర్లే చూస్తారు, అడిగి వెళ్ళు" అన్నారు.

సరే, కార్డు పట్టుకుని మాదాపూర్ మీద పడ్డాను. మెడికల్ షాపతన్ని అడిగాను: "ఇంటర్నల్ మెడిసిన్ డాక్టర్ ఎక్కడుంటారండీ?" మా అమెరికా టేపుల్లో అలాగే అంటారు మరి!

అతను బుర్ర గోక్కున్నాడు. "ఇంటర్నల్ అంటే లోపటికా అమ్మా? గోలీలన్నీ లోపటికే గద!"

ఇక లాభం లేదని ఎస్టీడీ బూత్‌లో దూరి, "ఇక్కడ ప్యానెల్ డాక్టర్ ఎవరైనా ఉన్నారా అండీ?" అన్నాను.

బూతాయన మొహం వెలిగిపోయింది. "ఎందుకు లేడమ్మా! మస్తు ఫేమస్. గీ కొత్త బిల్డింగులన్నిటికీ ఆయననే."

"కార్డుకి చూస్తారా?"

"కార్డా? గిదిగో, ఆయన కార్డు నా దగ్గరనే ఉన్నది" అని నంబరిచ్చాడు. దేవుడు కరుణించాడనుకుని వెంటనే ఫోన్ కలిపాను. వెనకాల బండలు కొట్టే డ్రిల్లింగ్ మోత. సగం మాటలు వినపడి చావడం లేదు.

"ప్యానెల్ డాక్టరుగారేనా అండీ?"

"అవునమ్మా, ఏంది పరేషాన్? తిరుగుతుందా, తిరుగుతలేదా?"

నేను చెప్పకుండానే కనిపెట్టేశాడు! "తిరుగుతుందండీ! పొద్దున్నే గిర్రున తిరుగుతుంది!"

"గుయ్యిమని చప్పుడొస్తదా?"

"వస్తుందండీ, ఒక్కోసారి రాత్రంతా!"

"పాతదా, కొత్తదా?"

"పాతదేనండీ, ఆరేళ్ళ నుంచీ ఉంది."

"అయితే విప్పి చూడాలె. రెండ్రోజులు నా దగ్గర వదిలిపెట్టాలె. అడ్రస్ చెప్పున్రి, ఇద్దరు మనుషుల్ని తీస్కొని నేనే వస్త. ఫికర్ చెయ్యకున్రి."

హోమ్ విజిట్! స్ట్రెచర్ మోసే మనుషులతో సహా! కానీ ఆ "విప్పి చూడాలె" అన్న మాటకి నాకు ఆపరేషన్ థియేటరే కనపడింది. ఇంటికెళ్ళి మెల్లిగా చెప్పాను. "అత్తయ్యగారూ, డాక్టరుగారు వస్తున్నారు. రెండ్రోజులు అడ్మిట్ చేసుకుంటారట. బహుశా... ఓపెన్ చేస్తారేమో."

అంతే! ఆవిడ మెడలో గొలుసు తీసి నా చేతిలో పెట్టేశారు. "నా కొడుకును పిలిపించమ్మే. వాడిని చూడకుండా నేను కోయించుకోను" అని ఏడుపు. ఆవిణ్ణి చూసి నేనూ ఏడుపు.

ఇంతలో తలుపు కొట్టారు. గుమ్మంలో ఖాకీ చొక్కా మనిషి, చేతిలో ఇనప పెట్టె. వెనక ఇద్దరు, భుజాల మీద లావుపాటి తాళ్ళు. కళ్ళనీళ్ళతో నాకేం కనపడిందో ఏమో, "రండి డాక్టరుగారూ" అన్నాను.

"యాడున్నదమ్మా?"

"లోపల మంచం మీద పడుకోబెట్టానండీ."

ఆయన అదిరిపడ్డాడు. "పండబెట్టిన్రా? నిలబెట్టాలె గదమ్మా! హెచ్‌పీ ఎంత?"

బీపీ అనుకున్నాను. ఠక్కున చెప్పాను. "నూట అరవై బై వంద!"

ఆయన పెట్టె కింద పెట్టేశాడు. "నూట అరవై హెచ్‌పీనా? అమ్మా, మీ ఇంట్లకెళ్ళి సికింద్రాబాద్ మొత్తానికి నీళ్ళు తోడుతున్నరా?"

అప్పుడు చూశాను ఆయన జేబు మీది అక్షరాలు. ఎలక్ట్రికల్ ప్యానెల్ బోర్డులు, మోటార్ వైండింగ్!

ఈలోగా అత్తయ్యగారు గోడ పట్టుకుని రానే వచ్చారు. తాళ్ళు చూసి, "యాలమ్మే, నన్ను కట్టేసి కోస్తారా?" అన్నారు. ఆయన ఆవిణ్ణీ నన్నూ మార్చి మార్చి చూసి, "మోటార్ ఈమెనా?" అని సోఫాలో కూలబడి నవ్వు. సంగతి అర్థమయ్యాక అత్తయ్యగారు కూడా కొంగు నోట్లో కుక్కుకుని ఒకటే నవ్వు. నాకైతే భూమి చీలితే బాగుండుననిపించింది.

పాపం, మంచివాడు. "జనరల్ డాక్టర్ అనాలె గదమ్మా. మా గల్లీ చివర ఒకాయన ఉన్నడు, సర్కారు కార్డుకే చూస్తడు" అని మోటార్లు మోసే ట్రాలీ ఆటోలోనే మమ్మల్ని అక్కడికి చేర్చాడు. డాక్టరుగారు కార్డు తీసుకున్నారు, శ్రద్ధగా చూశారు. "ఊరు మారిన హడావిడిలో బీపీ మాత్రలు మర్చిపోతున్నారు. రోజూ వేసుకోండి. ఇప్పట్లో బస్సు ప్రయాణం వద్దు" అన్నారు. అమ్మయ్య! ఆ మాటకి నా ప్రాణం లేచొచ్చింది.

ఇప్పుడు ఆవిడకి బాగానే ఉంది, కడప మాటే ఎత్తడం లేదు. రాత్రి మా ఆయన ఫోన్ చేసి, "అమ్మా, కోడలు బాగా చూసుకుంటోందా?" అని అడిగారు. నేను పక్కనే చెవులు రిక్కించి నిలబడ్డాను.

అత్తయ్యగారు నావైపు ఓరగా చూసి, "బాగానే చూసుకుంటాండాది నాయనా" అన్నారు. "నన్ను రెండ్రోజులు రిపేరుకు వదిలేద్దామనుకునింది గానీ, వాళ్ళే తీసుకోల్యా!"