మగ్గం మీద పడిన నింద

ఆ రోజు కుళాయి నీళ్ళు వచ్చే రోజు. మా ఎమ్మిగనూరులో కుళాయి వచ్చిందంటే వీధి వీధంతా బిందెలు పట్టుకుని పరుగు తీస్తుంది. నేను మాత్రం చాప మీద నుంచి లేవలేకపోయాను. నడుము కింద, పిర్రల దగ్గర, ఎవరో సిమెంటు పోసినట్టు బిగుసుకుపోయింది. పక్కకు దొర్లి, మోకాళ్ళ మీదికి వచ్చి, గోడ పట్టుకుని నిలబడేసరికి పక్కింటివాళ్ళ డ్రమ్ములు కూడా నిండిపోయాయి. మా అత్త గుమ్మంలో నిలబడి "ఏం మే, మహారాణికి ఈపొద్దు తెల్లారలేదా?" అంది. అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్ళు.

పది గంటలకు మగ్గంలో కూర్చున్నాను. గంటసేపు నేసేసరికి నడుము వదులైంది. మధ్యాహ్నానికి ఆ నొప్పి సంగతే మరిచిపోయాను. పొద్దున బిగుసుకుపోయింది, పని చేస్తే వదులైంది. చెప్పడానికి ఇంత చిన్న విషయం. దీన్ని అడగడానికి ఒక డాక్టరు దొరికేదాకా నాకు నాలుగేళ్ళు పట్టింది.

మాది గుంత మగ్గం. నేలలో గుంత తవ్వి, దాని అంచున పలక మీద కూర్చుని, కాళ్ళు గుంతలోకి దించి, కింద కర్రలు తొక్కుతూ నేస్తాం. మా ఆయన వీరేశుదొకటి, నాదొకటి, రెండూ ఒకే గదిలో. పెళ్ళి కాకముందు నుంచే నేను నేసేదాన్ని. గొప్ప కోసం చెప్పడం లేదు గానీ, చీర అంచు నా చేతిలో వచ్చినంత శుభ్రంగా వీరేశు చేతిలో రాదు. ఆ మాట ఆయనే ఒప్పుకుంటాడు.

నొప్పి పది రోజులుండి పోయింది. నెల తర్వాత మళ్ళీ వచ్చింది. ఈసారి మూడు వారాలు. మా వీధి చివర ఉన్న ఆర్‌ఎంపీ దగ్గరికి పోయాను.

"యాడ నొస్తాందమ్మా?"

చూపించాను.

"ఏం పని సేస్తావు?"

"మగ్గం నేస్తానన్నా."

"ఇంకేం మరి! మగ్గం నొప్పే ఇది. మీ వీధిలో నడుం నొయ్యనోళ్ళు ఎవరుండారు సెప్పు?"

ఒక ఇంజెక్షన్, నాలుగు మాత్రలు. రెండు రోజులు హాయిగా ఉంది. మాత్రలైపోగానే నొప్పి మళ్ళీ హాజరు. ఆ తర్వాత ఎంతమంది దగ్గరికి తిరిగానో, అందరి దగ్గరా ఇదే పాట. 'మగ్గం' అనే మాట నా నోట్లోంచి రావడమే ఆలస్యం, అవతలివాళ్ళ పెన్ను కాగితం మీద పరుగెత్తేది. ఆ తర్వాత నేను ఏం చెప్పినా గోడకు చెప్పినట్టే.

ఆదోనిలో ఒక ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. "నార్మల్‌గా ఉందమ్మా. మజిల్ స్ట్రెయిన్. బెల్టు వేసుకో" అన్నాడు. వేసుకున్నాను. ఎండాకాలంలో ఆ బెల్టు కింద చెమటకాయలు లేచాయి గానీ నొప్పి కదల్లేదు. ఇంకో డాక్టరు నడుముకు ఎమ్మారై తీయించాడు. "ఎల్‌ఫోర్ ఎల్‌ఫైవ్ దగ్గర కొంచెం డిస్క్ బల్జ్ ఉంది" అన్నాడు. సరే, చివరికి ఏదో ఒకటి దొరికింది కదా అని సంతోషపడ్డాను. జబ్బు దొరికిందని సంతోషపడే దశకు వచ్చేశానంటే నా పరిస్థితి మీరే ఆలోచించండి. మూడు వారాలు ట్రాక్షన్ పెట్టారు. కాళ్ళకు బరువులు కట్టి మంచం మీద గంట పడుకోబెడతారు. లేచేసరికి ముందుకంటే ఎక్కువ బిగుసుకుపోయేదాన్ని. ఆ మాట చెబితే, అక్కడ బరువులు కట్టే ఆవిడ "అలవాటవుతుంది లెండి" అంది.

మధ్యలో మా అత్త పట్టు పట్టి గోనెగండ్ల అవతల ఒక పల్లెకు తీసుకుపోయింది. అక్కడ ఒక పెద్దాయన ఆకు పసరుతో కట్టు కట్టాడు. నొప్పి పోలేదు, చర్మం పోయింది. బొబ్బలు మానడానికి ఇంకో డాక్టరు.

ఇక్కడే మేము మా బతుకులో చేయకూడని పొరపాటు చేశాం. డిస్క్ సంగతి చెప్పిన డాక్టరు నా వైపు చూడకుండా వీరేశుతో అన్నాడు: "ఆరు నెలలు కంప్లీట్ బెడ్ రెస్ట్. మగ్గం ఎక్కనివ్వద్దు. గుంతలో కాళ్ళు పెట్టి కూర్చున్నంత కాలం ఈ నడుం బాగుపడదు." నొప్పి నాది, నడుము నాది, చెప్పింది మాత్రం ఆయనకు. వీరేశు మంచివాడు, అదే వచ్చిన చిక్కు. నేను చాటుగా మగ్గం ఎక్కుతానని ఆయనకు తెలుసు. అందుకని నా మగ్గం విప్పి అటక మీద పెట్టి, గుంతను ఇసుకతో పూడ్చి, పైన బండ పరిచేశాడు. పూడ్చే ముందు మా అత్త గుంతకు పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మళ్ళా తవ్వేది కాదు మే ఇది. పూడ్చిన గుంత తవ్వితే ఇంటికి కీడు" అంది. నాకు ఏడుపు వచ్చింది, ఏడ్చాను.

ఆ ఆరు నెలలు నా శత్రువుకు కూడా వద్దు. పడుకునేకొద్దీ పెరిగింది. తెల్లవారుజామున నొప్పికే మెలకువ వచ్చేది. పక్కకు తిరగాలంటే వీరేశు చెయ్యి పట్టుకోవాలి. ముందు గంటలో వదిలే బిగుతు, పదకొండైనా వదిలేది కాదు. డాక్టరు దగ్గరికి పోయి "సార్, పండుకుంటేనే ఎక్కువైతాంది" అన్నాను. ఆయన ఫైలు మూసి, "మీరు రెస్టు సరిగ్గా తీసుకోవడం లేదు" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. ఇంకెలా పడుకోవాలో ఆయనే పడుకుని చూపిస్తే బాగుండేది.

దీనికి తోడు సాయంత్రానికి నేను కాస్త తిరగగలిగేదాన్ని. అది ఇంకో నేరమైంది. వీధిలో వాళ్ళు "పొద్దున మూలుగుతాది, సాయంత్రం అంగడికి పోతాది. ఏం నొప్పో ఏమో" అని నాకు వినపడేలాగే అనుకునేవాళ్ళు. ఒకరోజు మా అత్త కూడా ఆ వరసలోనే మాట్లాడింది. నొప్పి కన్నా ఆ మాటలే ఎక్కువ నొప్పి పెట్టాయని దాచకుండా చెబుతున్నాను. ఒక్కోసారి నాకే అనుమానం వచ్చేది, నిజంగానే నాటకమాడుతున్నానా అని.

అలా ఉండగా ఒక పొద్దున కుడి కన్ను ఎర్రబడింది. కండ్లకలక అనుకుని మందుల షాపులో చుక్కలు తెచ్చుకున్నాం. నాలుగో రోజుకు వెలుతురు చూడలేకపోయాను, మసకలు కమ్మాయి. ఆదోనిలో కళ్ళ డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. చిన్న వయసు మేడం. మిషన్ మీద గడ్డం పెట్టించి చాలాసేపు చూసి, "ఇది కండ్లకలక కాదు, యువైటిస్. కంటి లోపలి పొర వాచింది. ఇంకా ఆలస్యం చేసుంటే చూపు దెబ్బతినేది" అంది. చుక్కలు రాస్తూ, తల ఎత్తకుండానే అడిగింది.

"నడుం నొప్పి ఏమైనా ఉందా మీకు?"

నేనూ వీరేశూ మొహాలు చూసుకున్నాం. కంటికి వస్తే నడుము అడుగుతుందేమిటని.

"ఉంది మేడం. మగ్గం నేస్తాను కదా, దానికే..."

"మగ్గం సంగతి తర్వాత. పొద్దున లేచినప్పుడు ఎక్కువా, సాయంత్రం ఎక్కువా?"

"పొద్దున."

"ఎంతసేపు బిగుసుకుని ఉంటుంది?"

"ముందర గంట. ఇప్పుడు మూడు గంటలు."

"పని చేస్తే తగ్గుతుందా, పెరుగుతుందా?"

నాలుగేళ్ళుగా ఈ ప్రశ్న కోసమే కాళ్ళరిగేలా తిరిగానని ఆ క్షణంలోనే తెలిసింది. "తగ్గుతాది మేడం. తగ్గుతాదని సెప్తానే ఉండా, ఎవురూ ఇనుకోల్యా" అని ఆవిడ ముందే ఏడ్చేశాను. పాపం, ఆవిడ కంగారుపడి టిష్యూ ఇచ్చి, కంట్లో చుక్కలేశాం కదా, రుద్దొద్దంది.

ఆవిడ కర్నూలులో కీళ్ళవాతాలు చూసే రుమటాలజిస్ట్‌కు చీటీ రాసిచ్చింది. అలాంటి డాక్టరు ఒకరుంటారని కూడా మాకు తెలియదు. ఆయన నా ఫైలంతా తిరగేసి, ఎమ్మారైని లైటుకు పెట్టి చూసి అన్నాడు: "ఇది నడుముది. మీ జబ్బు దీనికి ఇంకా కిందుంది. వెన్నూ తుంటీ కలిసేచోట ఉండే ఎస్‌ఐ జాయింట్స్ ఎవరూ తీయలేదా?" ఎవరు తీస్తారు! అది తీయించాడు. రక్తంలో సీఆర్పీ, హెచ్ఎల్ఏ బీ ట్వంటీ సెవెన్ అనే పరీక్షలు చేయించాడు. అన్నీ చూసి పేరు చెప్పాడు: అంకైలోజింగ్ స్పాండిలైటిస్. రెండుసార్లు పలికించుకుని, వీరేశు ఫోన్‌లో రాయించుకున్నాను.

"మన ఒంట్లో కాపలా కాసే వ్యవస్థే దారి తప్పి మన కీళ్ళ మీద, ఒక్కోసారి కంటి మీద కూడా పడుతుందమ్మా. మగ్గం వల్ల రాలేదు ఇది. మగ్గం మానితే పోదు. కదలకుండా ఉంటే మాత్రం ముదురుతుంది, పోను పోను వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి."

పక్కన వీరేశు తల దించుకున్నాడు. ఆయన కళ్ళ ముందు ఆ బండ కనపడుతోందని నాకు తెలుసు.

"మీ ఇంట్లో ఇట్లా నడుం వంగిపోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు డాక్టరు.

మా నాయన. నలభై ఐదేళ్ళకే మెడ తిరిగేది కాదు ఆయనకు. ఎవరైనా పిలిస్తే ఒళ్ళంతా తిప్పి చూసేవాడు. పోయే నాటికి ఆకాశం చూసి ఎన్నేళ్ళయిందో. అప్పుడప్పుడు కళ్ళు నిప్పుల్లా ఎర్రబడితే వేడి చేసిందని మా అమ్మ నెత్తిన ఆముదం పెట్టేది. ఆయన పోయిన రోజు మావాళ్ళంతా "మగ్గానికే ఒళ్ళు ధారపోసినాడు" అని గొప్పగా చెప్పుకున్నారు. నేను కూడా చెప్పుకున్నాను. ఆయన జబ్బు ఏదో ఇప్పుడు తేల్చేవాళ్ళు లేరు. కానీ ఆ మాట తలుచుకుంటే సిగ్గూ కోపమూ రెండూ వస్తాయి.

మందు మొదలుపెట్టగానే అంతా చక్కబడిందని అనుకోకండి. మొదటి మాత్రలకు కడుపు మండి వాంతులయ్యాయి, మార్చారు. చలికాలంలో నొప్పి మళ్ళీ విరుచుకుపడింది. టీబీ లేదని తేలితేనే ఇవ్వాలట, ఆ పరీక్షలు చేసి ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. కన్ను ఇంకోసారి ఎర్రబడింది, ఈసారి అదే రోజు ఆదోనికి పోయాం. వీటన్నిటికంటే కష్టమైంది గుంత.

"గంటకోసారి లేచి నడిచేటట్టయితే నేసుకోండి" అని డాక్టరు చెప్పాడని ఇంట్లో చెప్పాను. మా అత్త ససేమిరా అంది. "తవ్వితే కీడని సెప్పలేదా నీకు?"

"కీడు నాలుగేండ్ల కిందనే వచ్చె కదత్తా. ఇంకేం మిగిలుందని?" అన్నాను.

వీరేశు మాత్రం గడ్డపార తెచ్చాడు. "నేనే పూడ్చినా, నేనే తవ్వుతా. కీడొస్తే నాకే రానీమ్మా" అని బండ లేపాడు. మా అత్త రెండు రోజులు మాతో మాట్లాడలేదు. మూడో రోజు మగ్గం బిగిస్తుంటే తనే టెంకాయ తెచ్చి కొట్టి, నాతో మాట్లాడకుండానే ఒక చెక్క నా చేతిలో పెట్టింది.

ఇప్పుడు పొద్దున లేవగానే మిద్దె మీద అరగంట వ్యాయామం. పలక కొంచెం ఎత్తు చేయించుకున్నాను. ఫోన్‌లో గంటకోసారి అలారం మోగుతుంది, లేచి వాకిలి దాకా నడిచి వస్తాను. నయమైందా అని అందరూ అడుగుతారు. ఇది నయమయ్యేది కాదు, అదుపులో ఉండేది. ఆ మాట చెబితే నమ్మరు. "నడుం నొప్పంటాది, మళ్ళా మగ్గమెక్కింది సూడు" అంటారు. అనుకోనీండి.

మీకు నేను చెప్పగలిగింది ఒక్కటే. డాక్టరు దగ్గర మీ పని గురించి మొదట చెప్పకండి. నొప్పి ఎప్పుడు వస్తుందో, ఎంతసేపు ఉంటుందో, పడుకుంటే పెరుగుతుందో కదిలితే పెరుగుతుందో అది మొదట చెప్పండి. అడిగేదాకా ఆగకండి, అడగకపోయినా చెప్పండి.

ఇది కుటుంబంలో రావచ్చని డాక్టరు అన్నాక మా తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు ఆదోనిలో పత్తి మిల్లులో పని చేస్తాడు. "పొద్దున లేస్తే ఎట్ల ఉంటాది రా నడుం?" అని అడిగాను. "పట్టేస్తాదక్కా. బేళ్ళు మోస్తా కదా, దానికే లే" అన్నాడు. మర్నాడే వాణ్ణి బస్సెక్కించి కర్నూలు తీసుకుపోయాను. దారి పొడవునా ఇదే చెప్పాను. పెద్ద డాక్టరు రాకముందు చీటీ రాసే కుర్ర డాక్టరు ఉంటాడు. ఆయన తల ఎత్తకుండా "ఏం పని చేస్తావు?" అని అడిగాడు.

మావాడు నా వైపు ఒకసారి చూశాడు.

"పొద్దున లేస్తే రెండు గంటలు నడుం ఇడిసిపెట్టదు సార్. తిరిగితే తగ్గుతాది. ముందు అది రాసుకోండి" అన్నాడు.